చెక్క గ్రాండ్ బ్యాంక్స్ కొనాలా, ఫైబర్‌దా?

1971 నాటి చెక్క గ్రాండ్ బ్యాంక్స్ 36 (36 అడుగుల విహార బోటు) చవగ్గా వస్తోంది, 1976 ఫైబర్‌దానికి అంతకు రెట్టింపు అడుగుతున్నారు, ఏది తీసుకోవాలి అని కదా మీ ప్రశ్న. సియాటిల్‌లో తొమ్మిదేళ్లుగా ఒక పాత ట్రాలర్‌ను, అంటే చేపల పడవ ఆకారంలో ఉండే ఇలాంటి విహార బోటునే, సాకుతున్న అనుభవంతో చెప్తున్నా, ముందు బోటు సంగతి కాదు, దాన్ని కట్టే చోటు చూసుకోండి. పైన కప్పున్న డాకు దొరక్కపోతే చెక్కది వద్దు.

చెక్క బోటుకు అసలు శత్రువు కిందున్న సముద్రం కాదండీ, పైనుంచి పడే వాన. ఉప్పునీటిలో మునిగి ఉన్న పలకలు ఏళ్ల తరబడి నిలుస్తాయి, కానీ డెక్కు (బోటు మీద నడిచే నేల) అంచుల్లోంచి, కిటికీ మూలల్లోంచి దిగిన వాననీరు లోపల నిలిచిందంటే చెక్క కుళ్లిపోతుంది. నేను మొదట బేరమాడింది చెక్కదే. పెయింటు అద్దంలా మెరుస్తోంది, కిటికీ కింద మూలలో వేలితో నొక్కితే ఉడికిన కందలా లోపలికి దిగింది. అక్కడితో దండం పెట్టి వచ్చేశా.

ఈ బోట్లను హాంకాంగ్‌లో అమెరికన్ మెరీన్ వాళ్లు 1960లలో కెనెత్ స్మిత్ డిజైన్‌తో మొదలుపెట్టారు, హల్‌కు, అంటే బోటు బయటి ఒంటికి, ఫిలిప్పీన్స్ మహాగని పలకలు. 1973లో ఫైబర్‌గ్లాస్‌కు మారారు. తమాషా ఏంటంటే, మారాక కూడా హల్ మీద పలకల గీతలు ఉంచారు, దూరం నుంచి చూస్తే చెక్కదే అనుకుంటాం. ఫైబర్‌తో లాభం నిజమే, పలకల సందుల్లో దూది దూర్చే పని లేదు, నెలల తరబడి ఒడ్డున ఎండబెట్టినా సందులు విచ్చుకోవు.

అయితే ఫైబర్ అంటే చెక్క లేదని మాత్రం అనుకోకండి, నేను మోసపోయింది ఇక్కడే. నాది ఈ కంపెనీది కాదు, అదే మూసలో 1978లో తైవాన్‌లో కట్టిన 34 అడుగుల బోటు. హల్ రాయిలా ఉంది. డెక్కు మాత్రం ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్, దాని మీద అందం కోసం టేకు పట్టీలు, వాటిని బిగించడానికి వందల కొద్దీ స్క్రూలు, అంటే వాన దిగడానికి అన్ని బొక్కలన్నమాట. ఒక స్క్రూ ఊడదీస్తే దాని వెంట టీ డికాషన్ లాంటి నీళ్లు వచ్చాయి. టేకంతా పీకి, కింద కుళ్లిన ప్లైవుడ్ మార్చేసరికి రెండు వేసవులు పోయాయి, ఇంట్లో తిట్లు అదనం. మా కాకినాడ వైపు వేటకెళ్లేవాళ్లు కూడా చెక్క నావలు వదిలి ఫైబర్‌కు మారారు, కానీ వాళ్ల బోట్లకు టేకు సోకులు లేవు కాబట్టి ఈ బాధా లేదు.

అందుకే 1976దానికి రెట్టింపు ఇచ్చే ముందు డెక్కంతా చిన్న సుత్తితో తట్టించండి. గట్టిగా టక్ మంటే సరే, పగిలిన కుండలా బొదబొదమంటే ధర తగ్గించమనండి. చెక్కదే కావాలనిపిస్తే అడ్వాన్సు ఇచ్చే ముందే ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేయండి, పాత చెక్క హల్ అనగానే చాలామంది వెనకాడతారు. బోటును పరీక్షించే సర్వేయర్ వచ్చిన రోజు మీరూ పక్కనే ఉండి ఆ సుత్తి చప్పుడు వినండి.