లోపలి పొర ఉన్నిదా, పాలియెస్టర్‌దా: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చలిలో సైకిల్ తొక్కేటప్పుడు జెర్సీ కింద వేసుకునే బేస్ లేయర్ మెరినో ఉన్నిది (మెరినో జాతి గొర్రెల సన్నటి ఉన్ని) కొనాలా, పాలియెస్టర్ లాంటి సింథటిక్‌ది కొనాలా అని అడిగావు. రెండు రకాలనూ ఏళ్ల తరబడి ఒంటిమీద వేసుకుని, తడిపి, ఉతికి, చిరిగేదాకా వాడినవాణ్ణి కనుక నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. బయట ఎంత చలిగా ఉందన్న లెక్కతోనే చాలామంది ఈ బట్టలు కొంటారు. నా అనుభవంలో మాత్రం తొక్కేటప్పుడు ఎంత చెమట పడుతుంది, పట్టిన తర్వాత ఎంతసేపు ఆగవలసి వస్తుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఏ గుడ్డ కొనాలో తొంభై పాళ్లు తేలిపోతుంది.

నడకకూ పరుగుకూ లేని చిక్కు సైకిల్‌కు ఒకటి ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒళ్లు కొలిమిలా కాగుతుంది, వేగం తక్కువ కాబట్టి గాలి తగలదు, చెమట ధారలు కడుతుంది. శిఖరం దాటి దిగడం మొదలుపెట్టగానే కాళ్లకు పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు, ఎదురుగాలి మాత్రం ఒక్కసారిగా రొమ్ముకు కొడుతుంది. నిలకడగా ఉన్న గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది కనుక, ఆ సమయంలో చర్మానికి అంటుకుని తడిగుడ్డ ఉంటే ఒంట్లోని వేడిని అది తోడేస్తుంది.

ఒకసారి తెల్లవారుజామున మందపాటి మెరినో చొక్కా వేసుకుని పొడవైన ఘాట్ ఒకటి గట్టిగా తొక్కుతూ ఎక్కాను. పైకి చేరాక నడుము దగ్గర జెర్సీ ఎత్తి లోపలి చొక్కా అంచును రెండు వేళ్లతో నొక్కితే వేళ్ల సందుల్లోంచి చెమట బొట్లు బొట్లుగా కారింది. అయినా ఆ క్షణంలో చలి తెలియలేదు. దిగడం మొదలుపెట్టిన అయిదు నిమిషాలకు దవడలు కొట్టుకున్నాయి, మూడో మలుపు దగ్గర బ్రేక్ నొక్కడానికి వేళ్లు వంగలేదు, బండి పక్కకు తీసి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. అంత శ్రమకు అంత మందం గుడ్డ ఎంచుకోవడం నా పొరపాటు. అదే దారిలో పల్చటి పాలియెస్టర్ చొక్కాతో ఎక్కిన రోజున కూడా పైకి చేరేసరికి తడిశాను కానీ, దిగువకు వచ్చేసరికి వీపు దాదాపు ఆరిపోయింది.

ఈ తేడా పోగులోనే ఉంది. ఉన్ని పోగు పైభాగం నీటి బొట్టును జారవిడుస్తుంది, లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపల దాచుకున్నా చేతికి పెద్దగా తడి తగలనివ్వదు, పైగా పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా విడుదల చేస్తుంది. అందుకే మెల్లగా, నిలకడగా తొక్కుతూ సన్నగా చెమట పట్టే రోజున ఉన్నికి సాటి లేదు, మధ్యలో టీ తాగడానికి ఆగినా ఒళ్లు జివ్వుమనదు. అయితే పీల్చగలిగినంతా పీల్చి నిండిపోయాక, తాగిన ఆ నీటిని తొందరగా వదలదు. పాలియెస్టర్ తీరు వేరు. ఆ పోగు లోపలికి నీరు ఒక శాతం కూడా పోదు, పోగుల మధ్య సందుల గుండా పాకి గుడ్డంతా పరుచుకుని గాలికి ఆవిరైపోతుంది. గట్టిగా, ఎడతెగకుండా తొక్కే మనిషికి కావలసింది ఇదే. కానీ తడిగా ఉన్నప్పుడు ఆగిపోతే మాత్రం చల్లటి చెయ్యి వేసినట్టు వీపుకు అంటుకుంటుంది. నూలు బనియను సంగతి అడగనక్కరలేదు, నీరు పట్టుకుని చల్లబడి బరువెక్కుతుంది, చలిలో దాన్ని లోపల వేసుకోవద్దు.

వాసన గురించి ప్రత్యేకంగా అడిగావు, అది సిగ్గుపడవలసిన విషయమేమీ కాదు. చెమటకు తనంతట తానుగా వాసన దాదాపు ఉండదు, చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని తిన్నప్పుడు పుడుతుంది. పాలియెస్టర్‌కు ఒంటి జిడ్డంటే మక్కువ ఎక్కువ, దాన్ని పట్టుకుని ఉతికినా పూర్తిగా వదలదు, కాబట్టి కొన్ని నెలలు వాడిన చొక్కా బీరువాలో మంచిగానే ఉండి, వేసుకుని ఒళ్లు వెచ్చబడిన పది నిమిషాలకు పాత వాసన మళ్లీ కొడుతుంది. ఉన్ని ఆ వాసనలను పోగు లోపల బంధించి, ఉతికినప్పుడు వదిలేస్తుంది. వరుసగా మూడు రోజులు తొక్కిన ఒక యాత్రలో ఒకే మెరినో చొక్కాను రాత్రిళ్లు ఆరవేసి మళ్లీ వేసుకున్నాను. మూడో ఉదయం చంక కుట్టు దగ్గర ఇంకా కాస్త చెమ్మ తగిలింది కానీ, పక్కన కూర్చున్నవాళ్లు ముఖం తిప్పుకునే పరిస్థితి రాలేదు. ఈ పట్టింపు కొత్తదేమీ కాదు. తర్వాత 1953 నుంచి 1955 దాకా వరుసగా మూడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన లూయిసాన్ బొబే, 1940ల చివర్లో ఆ పందెంలో ముందున్నవాడికి ఇచ్చే పసుపు జెర్సీలో కృత్రిమ దారం కలిసిందని దాన్ని వేసుకోనని భీష్మించాడు. చెమటా దుమ్మూ పట్టే ఒంటికి అచ్చమైన ఉన్నే ఆరోగ్యకరమని ఆయన నమ్మకం.

మన్నికలో మాత్రం ఉన్ని ఓడిపోతుందని నిస్సంకోచంగా చెబుతాను. బిబ్ షార్ట్స్ (భుజాల మీదుగా పట్టీలు ఉండే సైకిల్ నిక్కరు) పట్టీలు భుజాల మీద రాసుకునే చోట, వీపు సంచి పట్టీల కింద, పల్చటి మెరినోకు ముందు ఆవగింజంత చిల్లు పడుతుంది. దాన్ని ఆ వారమే అదే రంగు దారంతో నాలుగు పోగులు వేసి కుట్టేస్తే మరో రెండేళ్లు నిలుస్తుంది, వదిలేస్తే వేలు దూరేంత అవుతుంది. నడుమ నైలాన్ పోగు పెట్టి దాని చుట్టూ మెరినోను పేనిన దారంతో నేసినవి దొరుకుతాయి, పదో పదిహేనో పాళ్లు నైలాన్ ఉన్నా ఉన్ని గుణం పోదు, చిల్లులు చాలా తగ్గుతాయి. ఉన్నిది కొంటే అలాంటిదే కొనమని నా మాట.

గుడ్డ మీద రెండు అంకెలు చూడాలి. మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పోగు సన్నదనాన్ని చెబుతాయి, 17 నుంచి 19 మధ్య ఉంటే ఒంటికి మెత్తగా తగులుతుంది, ముతక ఉన్నిలోని 30 మైక్రాన్లు దాటిన పోగులే చర్మాన్ని గుచ్చి దురద పుట్టిస్తాయి. జీఎస్ఎం గుడ్డ బరువును, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెబుతుంది. సైకిల్‌కు 150 లోపు ఉన్నది సరిపోతుంది, 200 పైబడినవి బాగా గడ్డకట్టే చలిలో మెల్లగా తొక్కేవాళ్లకు తప్ప వద్దు. చలి ఎక్కువైతే పైన ఇంకో పొర వేసుకో కానీ, లోపలి పొరను మందం చెయ్యకు.

కొలత విషయంలో చాలామంది తప్పు చేస్తారు. లోపలి పొర చర్మానికి ఎక్కడా వదులు లేకుండా అంటుకుని ఉండాలి, గుడ్డ తగలని చోట చెమట లాగడానికి ఏమీ ఉండదు. వేసుకుని చూసేటప్పుడు హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగి చూడు, వీపు వెనక నడుము బయటపడితే అది సైకిల్‌కు పనికిరాదు. బిబ్ పట్టీలు దాని మీదుగా రావాలి, కుట్లు చదునుగా ఉండాలి. పైన గాలి ఆడని ప్లాస్టిక్ లాంటి కోటు వేసుకుంటే లోపల ఏ గుడ్డ ఉన్నా ఫలితం ఒక్కటే, చెమటకు బయటికి దారే ఉండదు.

ఉతకడంలో రెండింటికీ ఒక నియమం ఉమ్మడి: బట్టలు మెత్తబడడానికి వేసే ద్రవాలు వాడవద్దు, అవి పోగులకు పూతలా అంటుకుని తడి లాగే గుణాన్ని చంపేస్తాయి. ఉన్నిని 30 డిగ్రీలు మించని నీటిలో ఉన్నికి తగిన సబ్బుతో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరవెయ్యి. వేడినీటిలో రుద్దితే పోగు మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని చొక్కా చిన్నపిల్లలకు సరిపోయేంతగా కుంచించుకుపోతుంది. పురుగు పట్టకుండా శుభ్రంగా ఉతికాకే దాచుకో. పాలియెస్టర్‌కు ఇంత శ్రమ అక్కరలేదు, తొక్కి రాగానే మూటకట్టి పడెయ్యకుండా వెంటనే నీళ్లలో జాడిస్తే వాసన సగం తగ్గుతుంది. అది ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ నలుసులు నీటిలో కలుస్తాయి కాబట్టి అవసరమైనప్పుడే ఉతకడం మేలు.

ఇక నీ సంగతి. రోజూ ఉదయం గంటన్నర గట్టిగా తొక్కి ఇంటికి వచ్చి వెంటనే స్నానం చేస్తానని రాశావు, దానికి పల్చటి, చేతుల్లేని, జాలీ నేతలో ఉన్న పాలియెస్టర్ చొక్కా ఒకటి ఇప్పుడే కొనుక్కో. నెలాఖరున స్నేహితులతో వెళ్లే నాలుగు రోజుల ప్రయాణానికి, అందరి వేగంతో పాటు మెల్లగా తొక్కుతూ దారిలో తరచూ ఆగుతారు కాబట్టి, నైలాన్ కలిసిన 150 జీఎస్ఎం మెరినో ఒకటి, పొడుగు చేతులది, మెడ దగ్గర జిప్ ఉన్నది తీసుకో. ఎక్కేటప్పుడు ఆ జిప్ పూర్తిగా దించు. శిఖరానికి చేరాక, దిగే ముందు, దాన్ని గడ్డం దాకా లాగి గాలిని ఆపే పల్చటి కోటు వేసుకో. కొత్త చొక్కాతో ఆ ప్రయాణానికే నేరుగా వెళ్లకుండా, ముందు రెండు ఆదివారాలు వేసుకుని తొక్కి, ఎక్కడైనా కుట్టు ఒరుసుకుంటోందేమో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య