అరవై దాటినవారికి ఉచిత ఈత: టిక్కెట్టు కంటే ముందు అడగవలసినవి

సోంపేట నుంచి వచ్చి శ్రీకాకుళంలో మీ వద్ద ఉంటున్న మీ నాన్నగారికి మోకాళ్లు అరిగాయని, నొప్పి మాత్రలు మానిపించి నీటిలో వ్యాయామం చేయించమని డాక్టరుగారు చెప్పారని రాశారు. ఇంగ్లండ్‌లో అరవై దాటినవారికి ఈతకొలనులో ప్రవేశం ఉచితమని విన్నారట. అలాంటి పథకం మన దగ్గర ఉన్నదా, లేకపోతే అధికారులను అడిగి తెచ్చుకోవచ్చునా అన్నది మీ ప్రశ్న. ఉద్యోగ విరమణ తరువాత విజయనగరంలో మేము కొందరు పింఛనుదారులం కలిసి ఇదే పని మీద తిరిగి, పెద్దవయసు వారికి కొలనులో ఒక గంట కేటాయింపజేసుకున్నాము. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మన రాష్ట్రంలో వృద్ధులందరికీ హక్కుగా వర్తించే ఉచిత ఈత పథకమేదీ లేదు. ఆర్టీసీ బస్సులో అరవై దాటినవారికి 25 శాతం రాయితీ ఉన్నది. రైలులో ఉన్న రాయితీ 2020లో పోయింది. ఈతకొలను దాకా మాత్రం ఏ రాయితీ రాలేదు. ఎక్కడైనా తగ్గింపు ఇస్తున్నారంటే అది ఆ కొలనును నడిపేవారి ఇష్టం మీదనో, లీజు ఒప్పందంలోని షరతు మీదనో ఆధారపడి ఉంటుంది.

ఇంగ్లండ్ గురించి మీరు విన్నది పాత సంగతి. లండన్‌లో 2012 ఒలింపిక్స్ జరగబోతున్నాయన్న ఉత్సాహంలో అక్కడి ప్రభుత్వం 2008లో ఈ పథకాన్ని ప్రకటించి, 14 కోట్ల పౌండ్లు కేటాయించి, 2009 ఏప్రిల్ నుంచి అరవై ఏళ్లు నిండినవారికీ పదహారేళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లలకూ అమలు చేసింది. చేరడం చేరకపోవడం స్థానిక కౌన్సిళ్ల ఇష్టానికి వదిలింది. రెండేళ్లు నడవవలసిన ఆ పథకం 2010లో ప్రభుత్వం మారగానే జులై 31తో ముగిసింది. ఖజానాలో డబ్బు లేదన్నది ఒక కారణం కాగా, ఉచితంగా ఈదినవారిలో ఎక్కువమంది డబ్బు తీసుకున్నా వచ్చి ఉండేవారేనని మదింపులో తేలడం మరొక కారణం. నాకు ఈ రెండవ కారణమే ముఖ్యమనిపిస్తుంది. టిక్కెట్టు ఎత్తివేస్తే ఈత అలవాటున్నవారి జేబుకు మేలు జరుగుతుందే తప్ప, గట్టు మీద నిలబడి జంకుతున్నవారు దానంతటదే నీటిలోకి దిగరు.

వేల్స్‌లో మాత్రం అరవై దాటినవారికి 2004 నుంచి ఈ సదుపాయం ఉన్నది. అయితే అక్కడి ప్రభుత్వం 2019లో ఇందుకు ఇచ్చే సొమ్మును ఏడాదికి 30 లక్షల పౌండ్ల నుంచి 15 లక్షలకు తగ్గించింది. అప్పటినుంచి ఏయే గంటలు ఉచితమన్నది ఒక్కో కౌన్సిలు ఒక్కో రకంగా పెట్టుకున్నది. మా పెద్దమ్మాయి ఆ దేశంలో ఉన్నప్పుడు నేను ఒక కొలనుకు వెళ్లి ఈదేవాణ్ణి. అక్కడ నివాసిని కాను కనుక నాకు ఉచితం వర్తించలేదు, డబ్బు కట్టాను. నా కంటికి ఆనినది రుసుము గురించిన బోర్డు కాదు. నీటిలోకి దిగడానికి రెండు వైపులా పట్టుకొమ్ములున్న వెడల్పాటి మెట్లు ఉండేవి. మెట్లు కూడా దిగలేనివారిని కుర్చీలో కూర్చోబెట్టి మెల్లగా నీటిలోకి దింపే యంత్రం గట్టున ఉండేది. పిల్లలు బడికి పోయిన తరువాత, రద్దీ లేని గంటలో, ఎనభై దాటిన ముసలమ్మలు కూడా కబుర్లు చెప్పుకుంటూ నీటిలో అటూ ఇటూ నడిచేవారు. వారిలో ఈదేవారి కంటే నడిచేవారే ఎక్కువ.

విజయనగరానికి తిరిగి వచ్చాక మేము మొదట ఉచితమే అడిగాము. కొద్దికాలం ఉచితంగానే ఇచ్చి చూశారు. ఆ రోజుల్లో వచ్చినవారిలో చాలామంది చిన్నప్పుడు పెద్దచెరువులోనో, ఊరి గెడ్డలోనో ఎండిన ఆనపబుర్ర నడుముకు కట్టుకుని ఈత నేర్చినవారే. నిజంగా మోకాళ్ల నొప్పితో వచ్చినవారు గట్టు దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోయారు. కారణం నిచ్చెన. మన కొలనులలో గోడకు ఆనించి నిలువుగా ఉండే స్టీలు నిచ్చెనే ఉంటుంది. దాని మెట్టు గుండ్రటి గొట్టంలా సన్నగా, పాదం మధ్యలో గుచ్చుకునేలా ఉంటుంది. మోకాలు బాగా వంగితే తప్ప కాలు తరువాతి మెట్టుకు అందదు. దిగేటప్పుడు ఎలాగో జారినట్టు దిగిపోవచ్చును గానీ, నీటిలో తేలికైన ఒళ్లు పైకి వచ్చేకొద్దీ బరువంతా ఒక్కసారిగా ఆ అరిగిన కీలు మీదనే పడుతుంది. ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు ఎక్కలేక చాలాసేపు నీటిలోనే ఉండిపోయి, చివరకు ఇద్దరు సాయం పట్టగా పైకి వచ్చి, మరునాటి నుంచి రాలేదు. ఉచితం ఆమెకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

అప్పుడు మేము కొంత చందా వేసుకుని, ఊళ్లోని వెల్డింగు షాపులో స్టెయిన్‌లెస్ స్టీలుతో ఏటవాలు మెట్ల చట్రం ఒకటి చేయించాము. అరచెయ్యి కంటే వెడల్పైన పలకలు, వాటి మీద రబ్బరు పట్టీలు, రెండు వైపులా భుజం ఎత్తు వరకు పట్టుకొమ్ములు ఉంటాయి. మా గంట మొదలయ్యేముందు దాన్ని గట్టుకు తగిలిస్తారు, అయిపోగానే తీసివేస్తారు. ఆ చట్రం వచ్చాకనే కొత్త ముఖాలు కనబడ్డాయి, ప్రధానోపాధ్యాయురాలు కూడా తిరిగి వచ్చారు. కనుక మీరు అర్జీ పెట్టేటప్పుడు రుసుము మాట రెండవ పేరాలో రాసి, మెట్ల మాట మొదటి పేరాలో రాయండి.

ఏ గంట అడగాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. తెల్లవారుజామున శిక్షణకు వచ్చే పిల్లలు, ఉద్యోగస్తులు ఉంటారు. వేసవి శిబిరాల రోజుల్లో సాయంత్రం కొలను కిటకిటలాడుతుంది, పైనుంచి దూకే కుర్రవాళ్ల మధ్య పెద్దవారు నిలబడలేరు. ఉదయపు బ్యాచి వెళ్లగానే వచ్చే గంటను అడిగితే, సిబ్బంది అప్పటికే అక్కడ ఉంటారు, ఫిల్టరు నడుస్తూనే ఉంటుంది, యాజమాన్యానికి కొత్తగా పడే ఖర్చు స్వల్పం. ధనుర్మాసంలో కూడా ఆ వేళకు కాస్త ఎండ తగిలి, వేడి చేయని నీరు భరించగలిగేలా ఉంటుంది.

ఆడవారి సంగతి వేరుగా చెప్పాలి. నూలు బట్టల పోగులు ఫిల్టరులో చిక్కుకుంటాయని నూలు పంజాబీ డ్రెస్సునూ, చీరనూ కొలనులోకి రానివ్వరు, ఆ నిబంధన సమంజసమే. చేతులూ కాళ్లూ నిండుగా కప్పే నైలాన్ దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. అయినా మా ఇంట్లో, “పుట్టింటి చెరువులో చీర కట్టుకునే ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ ఈదినదాన్ని, ఈ వయసులో నాకీ రబ్బరు చొక్కా ఏమిటండీ” అన్న మాట చాలా రోజులు వినిపించింది. వారంలో కొన్ని రోజులు ఆ గంటను పూర్తిగా ఆడవారికే వదిలి, గట్టున మహిళా శిక్షకురాలు ఉండేలా చూశాకనే మా ఆవిడ దిగింది. మీ అమ్మగారు కూడా వచ్చే ఆలోచన ఉంటే దీన్ని ముందే అడగండి.

మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉందో కూడా చూడండి. ఎవరూ పైకి చెప్పరు గానీ, పెద్దవారు మానివేయడానికి ఇదొక కారణం. ఒళ్లు నీటిలో మునిగి ఉన్నప్పుడు మూత్రం ఎక్కువగా తయారవుతుంది, అది శరీర ధర్మం. బీపీకి నీరు తీసే మాత్ర వాడేవారికీ, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవారికీ ఇంకా తొందరగా వస్తుంది. తడి పాదాలతో నున్నటి టైల్సు మీద దూరం నడవవలసి వస్తే ఈత వల్ల వచ్చిన మేలు ఒక్కసారి జారిపడితే పోతుంది.

ఇప్పుడు మీ నాన్నగారి విషయం. మీ సోంపేట ఉన్న ఉద్దానం వైపు వారికి కిడ్నీల భయం ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు చాలావరకు కిడ్నీకి చెరుపు చేసేవే కనుక, మీ డాక్టరుగారు నీటి వైపు మళ్లించడం సరైన పని. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఉండకపోతే చేయించి, డాక్టరుగారు గుండె, బీపీ కూడా చూసి సరేనన్న తరువాతే దింపండి. నడుము లోతు నీటిలో నిలబడితే కాళ్ల మీద శరీరపు బరువులో దాదాపు సగమే పడుతుంది, ఛాతీ లోతులో మూడో వంతుకు కూడా తగ్గుతుంది. అందువల్ల ఆయనకు ఈత రాకపోయినా ఫరవాలేదు, ఛాతీ లోతులో ముందుకూ వెనక్కూ పక్కకూ నడిస్తే చాలు. ఈత వచ్చినవారైతే కప్ప ఈత వద్దనండి. కాళ్లు పక్కలకు విసిరి దగ్గరకు లాగే ఆ కదలికలో మోకాలి లోపలివైపు ఒత్తిడి పడుతుంది. వెల్లకిల ఈత మేలు. చెరువులో నేర్చుకున్న మన తరం వారు తల నీటి పైకెత్తి ఈదుతారు, అది మెడనరాల నొప్పి ఉన్నవారికి పడదు. ఒక్క మాట, నీటిలో ఎముక మీద బరువు పడదు కనుక ఎముక గట్టిపడడానికి ఈత పెద్దగా తోడ్పడదు. నేల మీద ఓర్చుకోగలిగినంత నడక కూడా ఉండాలి.

పైకి వచ్చేటప్పుడు తొందరపడనివ్వకండి. నీటి ఒత్తిడి తొలగగానే బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చును, మెట్ల మీద ఒక నిమిషం ఆగి రావాలి. చక్కెర వ్యాధి ఉంటే పాదాలకు పుండ్లు లేవని చూసి, గట్టు మీద చెప్పులు విడవకుండా ఉంచి, ఒంట్లో చక్కెర పడిపోతే నోట్లో వేసుకోవడానికి సంచిలో పటికబెల్లం పెట్టుకోవాలి. నీరు ఎలా ఉందో మీరే చూడండి. లోతు వైపు అడుగున గీసిన గీత స్పష్టంగా కనబడకపోతే ఆ రోజు దిగకపోవడమే మంచిది. క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాముల మధ్య, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. రోజూ కొలిచి పుస్తకంలో రాస్తున్నారా అని అడగడానికి మొహమాటపడకండి. కళ్లు మండేంత ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందనుకుంటారు గానీ, చాలాసార్లు అది చెమటతోనూ మూత్రంతోనూ కలిసిపోయిన క్లోరిన్ వాసన. దిగేముందు స్నానం చేయించని కొలనుల లక్షణమది.

అర్జీ సంగతికి వస్తాను. పట్టణాలలో పార్కులు, ఆటస్థలాల వంటి సదుపాయాలు కల్పించడం మున్సిపాలిటీల పనుల జాబితాలోనిదే. 74వ సవరణతో వచ్చిన రాజ్యాంగపు 12వ షెడ్యూలులో అది ఉన్నది. 1999 నాటి జాతీయ వృద్ధుల విధానమూ, అరవై నిండినవారిని సీనియర్ సిటిజన్లుగా నిర్వచించిన 2007 చట్టమూ ఉన్నాయి. వీటిని ఒక్కొక్క వాక్యంలో ప్రస్తావిస్తే చాలు. కొలను ఎవరిదో ముందు తేల్చుకోండి. నగరపాలక సంస్థదైతే కమిషనరుకు, క్రీడాప్రాధికార సంస్థదైతే జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి రాయాలి. ప్రైవేటువారికి లీజుకిచ్చి ఉంటే ఆ ఒప్పందం నకలును సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రాయితీ షరతు అందులోనే ఉండి అమలు కాకపోవడం జరిగే పనే. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వవచ్చును. ఒక్కరు వెళ్లడం కంటే పింఛనుదారుల సంఘం కాగితం మీద పదిమంది సంతకాలతో వెళితే మాట విలువ పెరుగుతుంది.

రుసుము విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చును. పింఛను వచ్చేవారి దగ్గర నామమాత్రపు రుసుము తీసుకుని, తెల్లకార్డు ఉన్నవారికి మాత్రం పూర్తిగా ఉచితం చేయమని అడగడమే నయం. ఉచితంగా సాగిన రోజుల్లో, నీటికి ఇబ్బంది వచ్చినా, మోటారు పాడైనా, పోటీలు పెట్టినా ముందుగా రద్దయ్యేది మా గంటే. రశీదు చేతికి వచ్చిన తరువాత, రాని రోజుకు బదులు రోజు ఇమ్మని నిలదీసి అడగగలిగాము. దయగా ఇచ్చినదాన్ని నిలదీయడానికి నోరు రాదు కదా.

అనుమతి వచ్చేలోగా నాగావళిలోనో, కళింగపట్నం తీరంలోనో నీటి నడక చేయిద్దామని మాత్రం అనుకోకండి. ఇసుక తీసిన గుంటలు నదిలో పైకి కనబడవు, సముద్రపు లాగుడును ఆ వయసులో కాళ్లు తట్టుకోలేవు. అంతవరకు ఫిజియోథెరపిస్టు చూపించిన తొడ కండరాల వ్యాయామాలు కుర్చీలో కూర్చునే చేయించండి. అర్జీ ఇచ్చినప్పుడు మీ నకలు మీద తేదీతో కూడిన కార్యాలయ ముద్ర వేయించుకోండి, రెండవసారి వెళ్లినప్పుడు అక్కడివారు మొదట అడిగేది దానినే.