మాస్కు గురించి రాసేటప్పుడు

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మహమ్మారి కాలంలో కొందరు జాగ్రత్తలు ఎందుకు పాటించారు, కొందరు ఎందుకు పాటించలేదు అన్నది మంచి విషయమే, కానీ మొదటి పేరా నుంచే పాఠకుడి మీద కేకలేస్తున్నావు. మాస్కు పెట్టుకోనివాడు మూర్ఖుడట, స్వార్థపరుడట. అది చదివి కొత్తగా మాస్కు పెట్టుకునేవాడు ఎవడూ ఉండడు, ముందే పెట్టుకున్నవాళ్లు తలూపుతారు, అంతే.

సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ సంగతి వినే ఉంటావు. డాక్టర్లు క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కుంటే బాలింతల చావులు బాగా తగ్గుతాయని 1847లో వియన్నాలో చూపించాడు. ఆయన చెప్పింది నిజం. కానీ ఎవరూ వినట్లేదని విసిగిపోయి, 1861 నాటికి బహిరంగ లేఖల్లో తోటి డాక్టర్లను హంతకులనడం మొదలుపెట్టాడు. కోపం న్యాయమైనదే, దానితో ఎవరి చేతులూ శుభ్రపడలేదు.

దీని పక్కన ఇంకోటి పెట్టి చూడు. ఆడమ్ గ్రాంట్, డేవిడ్ హాఫ్‌మన్ అనే ఇద్దరు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రిలో సబ్బు, జెల్ ఉండే చోట రెండు రకాల బోర్డులు పెట్టారు. చేతులు కడుక్కుంటే మీకు జబ్బులు రావని ఒకదాని మీద, రోగులకు జబ్బులు రావని ఇంకోదాని మీద. తేడా ఒక్క మాటే, కానీ రోగుల ఊసెత్తిన బోర్డు దగ్గరే సబ్బు, జెల్ ఎక్కువ ఖర్చయ్యాయి. నాకేం కాదులే అనే ధీమా అందరికీ ఉంటుంది (నాకూ ఉంది, బీపీ మాత్రలు మర్చిపోయేది అందుకే), ఎదుటివాడి విషయంలో ఆ ధీమా అంత తేలిగ్గా రాదు.

కోవిడ్‌లో ఇది మరీ ముఖ్యం. లక్షణాలు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ పక్కవాళ్లకు అంటుకోగలదు, మామూలు సర్జికల్ మాస్కు ప్రధానంగా ఆపేది పెట్టుకున్నవాడి తుంపరల్ని. 2020లో అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో జరిగిన ఒక అధ్యయనం చదువు. జబ్బుతో ఉన్న భార్యను చూడ్డానికి వెళ్లలేకపోతున్న ఒక ముసలాయన వీడియో చూశాక, ఉత్త సమాచారం చదివినవాళ్ల కంటే ఎక్కువగా జనం దూరం పాటిస్తామన్నారు. అన్నారు అంతే. అనడం వేరు, చేయడం వేరు, ఆ తేడా నీ వ్యాసంలో దాచకు.

ఇంకో మాట. సహానుభూతి అంటే ఎదుటివాడి బాధ మనకు తగలడం, కరుణ అంటే దానికి ఏదో ఒకటి చేద్దామనిపించడం. నువ్వు రెండింటినీ జాలితో కలిపేశావు. పైగా మన సహానుభూతి సొంతవాళ్ల దగ్గరే ఆగిపోతుంటుంది. ఇంకా, ఆరుగురు ఒకే గదిలో ఉండే ఇంట్లో సహానుభూతి ఎంత ఉన్నా దూరం పాటించడానికి చోటుండదు, అలాంటివాణ్ణి కూడా నీ మూర్ఖుల లిస్టులో వేశావు చూసుకో.

గణాంకాల పేరా తీసేసినా నష్టం లేదు. చివర్లో రెండు లైన్లలో వచ్చి పోయిన మీ అమ్మను మొదటికి తీసుకురా. నువ్వు లోపల జ్వరంతో ఉంటే తలుపు బయట పళ్లెం పెట్టి వెంటనే వెళ్లిపోలేదని రాశావు కదా, ఎంతసేపు నిలబడింది, తలుపు అవతల ఉన్న నీకు ఆ సంగతి ఎలా తెలిసింది, అది రాసి మళ్లీ పంపు.