రిప్ మూవ్ వేసినా డిఫెన్సివ్ ఎండ్ టాకిల్‌ని దాటలేకపోతున్నాడు, లోపం ఎక్కడ?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ ఎండ్ అంటే రక్షణ వరుస చివర నిలబడి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) మీదికి దూసుకెళ్లేవాడు, టాకిల్ అంటే అతన్ని అడ్డుకునే ఎదుటి జట్టు ఆటగాడు, రిప్ అంటే లోపలి చేతిని టాకిల్ చంక కిందుగా పైకి లాగి దాటే ఎత్తు. ఈ లోపం చాలాసార్లు చేతి బలంలో ఉండదు, దూరంలో ఉంటుంది. మరీ దూరం నుంచే రిప్ వేస్తే చెయ్యి గాల్లో పోతుంది, ఛాతీ టాకిల్‌కి దొరికిపోతుంది.

కుడి ఎండ్‌కి ఇలా నేర్పండి. బంతి కదలగానే కదలాలి, క్వార్టర్‌బ్యాక్ అరుపు విని కాదు. గురి టాకిల్ బయటి భుజం మీదే. చెయ్యి అందేంత దగ్గరికి వచ్చాక కుడి అరచేత్తో అతని ఎడమ మణికట్టునో మోచేతినో కిందికి కొట్టాలి. వెంటనే ఎడమ పిడికిలిని తన తుంటి దగ్గర్నుంచి అతని చంక కిందుగా పైకి లాగాలి. అదే క్షణంలో ఎడమ కాలు టాకిల్ పాదాల్ని దాటి పడాలి. అసలు కీలకం ఇదే. తుంటి వెనకే ఉండిపోతే ఎంత గట్టి రిప్ అయినా అతను పక్కకి నెట్టేస్తాడు.

దాటాక టాకిల్ మీదికి ఒరుగుతూ కాలివేళ్లు క్వార్టర్‌బ్యాక్ వైపు తిప్పాలి. షాట్‌గన్‌లో (క్వార్టర్‌బ్యాక్ కొన్ని గజాల వెనక నిలబడి బంతి అందుకునే అమరిక) అతను ఇంకా వెనక్కి జరిగాక సుమారు 7 నుంచి 9 గజాల లోతులో ఉంటాడు. అంతకన్నా లోపలికి పరిగెత్తితే, పాకెట్‌లో (అతని చుట్టూ సొంత ఆటగాళ్లు కాపాడే చోటు) ముందుకు అడుగేయడానికి అతనికి దారి ఇచ్చినట్టే.

ముందు సగం వేగంతో చేయించండి, స్పిన్ (గిర్రున తిరిగి టాకిల్‌ని దాటే ఎత్తు) జోలికి అప్పుడే వెళ్లొద్దు. NFL (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్)లో ఆడిన డిఫెన్సివ్ ఎండ్ డ్వైట్ ఫ్రీనీ స్పిన్ అంత బాగా పనిచేసిందంటే, అతని బయటి వేగానికి టాకిళ్లు ముందే భయపడి వెనక్కి జరిగేవాళ్లు కాబట్టి.