విశాఖ పెళ్లికి ఏ ఊద్ తీసుకెళ్లాలి?

తమ్ముడూ, దుబాయ్ వచ్చిన ఏడాదికి, మే నెలలో అక్క పెళ్లికని విశాఖ వెళ్తున్నావు. కూడబెట్టిన డబ్బుతో మంచి ఊద్ (అగరు) సెంటు కొనుక్కోవాలని నీ ఆశ. టామ్ ఫోర్డ్ కంపెనీ ఊద్ వుడ్ కొనాలా, ఫ్రాన్సిస్ కుర్క్‌జాన్ కంపెనీ ఊద్ శాటిన్ మూడ్ కొనాలా అని అడిగావు. మాల్‌లో కాగితం ముక్క మీద వాసన చూస్తే శాటిన్ మూడ్ వైపే మనసు లాగిందన్నావు.

ఈ ప్రయాణానికి మాత్రం ఊద్ వుడ్డే తీసుకో.

2015లో వచ్చిన శాటిన్ మూడ్‌లో గులాబీ, వయొలెట్, వెనిల్లా, అడుగున బెంజాయిన్ ఉంటాయి. బెంజాయిన్ అంటే మన ఇళ్లలో ధూపం వేసే సాంబ్రాణే. అమ్మ తలంటి జుట్టుకు పొగ పట్టిన వాసన అందులో తగులుతుంది, అందుకే నీకు అంత నచ్చి ఉంటుంది. గొప్ప పరిమళమే, కాదనను. కానీ నువ్వు చూసింది ఏసీ గాలిలో. మే నెలలో విశాఖలో చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. ఒంటి వేడికి సెంటు ఒక్కసారిగా పైకి లేస్తుంది, అంత తీపి వాసన అలా లేస్తే పక్కవాళ్లకు ఊపిరాడదు.

నేను తొలిసారి ఊరెళ్లినప్పుడు ఇలాంటి తీపి ఊదే దండిగా కొట్టుకుని ఎంవీపీ కాలనీలో ఒక పెళ్లికి వెళ్లాను. బంతిలో మా పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. రెండు ముద్దలు తినేసరికి ఆవిడకు తలనొప్పి వచ్చి లేచి వెళ్లిపోయింది. ఎంతో ఇష్టమైన పనసపొట్టు కూర విస్తట్లోనే ఉండిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఊద్ వుడ్ 2007 నాటిది. ఏలకులు, మిరియపు ఘాటు, గంధం, వట్టివేరు. సింహాద్రి అప్పన్న చందనం ఎరిగిన మనవాళ్లకు ఆ వాసన బరువనిపించదు. ఉక్కలోనూ ఒంటికి దగ్గరగానే ఉంటుంది.

నా మాట మీదే కొనేయకు. ఒక్కో మణికట్టుకు ఒక్కోటి కొట్టుకో, రుద్దకు. సాయంత్రం దేరాలో క్రీక్ ఒడ్డున తేమ గాలిలో రెండు గంటలు తిరుగు. ఆ తర్వాత కూడా ఏ చేతిని మళ్లీ మళ్లీ వాసన చూడాలనిపిస్తే అదే నీది.

ఊద్ అంటే మన అగరే. చెట్టుకు బూజు సోకితే లోపల ఊరే నల్లటి జిగురు అది. అస్సాం నుంచి వచ్చేదాన్ని ఇక్కడ హిందీ ఊద్ అంటారు. పశువుల పాకను గుర్తు చేసే ఘాటు వాసన, అలవాటు లేనివాళ్లకు కష్టం. పెద్ద కంపెనీల సీసాల్లో చాలామటుకు ల్యాబ్‌లో కూర్చిన పరిమళమే ఉంటుంది. అసలు అగరు కావాలని దుకాణంవాడి మాట నమ్మి తోలా లెక్కన నూనె కొనకు. నేను అలా ఒకసారి మోసపోయాను.

సీసాను చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టు. పెళ్లినాడు మెడ దగ్గర ఒకసారి, ఛాతీ మీద ఒకసారి, అంతే. శాటిన్ మూడ్ వచ్చే డిసెంబరులో కొనుక్కో, అరకు చలిలో దాని అందం తెలుస్తుంది.