ఇన్‌స్పెక్షన్‌కి భయపడి నర్సు ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్లుగా కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది. వచ్చే నెల ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) ఇన్‌స్పెక్షన్ అట. డ్యూటీ అయ్యాక కూడా కూర్చోబెట్టి ఫైళ్లు రాయిస్తున్నారు. తప్పు దొరికితే తన మీదికి వస్తుందని ఏడుస్తోంది. ఉద్యోగం మాన్పించి హాస్పిటల్ క్వాలిటీ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేర్పిద్దామనుకుంటున్నాం. ఈ నెలాఖరులోగా ఫీజు కట్టాలి. అది మేలా, ఎంహెచ్‌ఏ (ఆసుపత్రి పరిపాలనలో పీజీ) మేలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం. మీ ఇద్దరినీ నిద్రపోనివ్వని భయం వేరే ఉంది. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే అసెసర్లు రాసే ఎన్‌సీ, అంటే లోపం, ఆసుపత్రి మీద రాస్తారు, నర్సు మీద కాదు. ఒక్క ఎన్‌సీ కూడా రాని ఆసుపత్రి అరుదు. సరిదిద్దుకుని ఆధారాలు పంపడానికి గడువు కూడా ఇస్తారు. ఆరో ఎడిషన్ ప్రమాణాల్లో 10 అధ్యాయాలు, 639 అంశాలు ఉన్నాయి. అవన్నీ మీ అమ్మాయి బట్టీ పట్టనక్కర్లేదు. తన వార్డులో రోజూ చేసే పనిని అడిగినప్పుడు చేసి చూపిస్తే చాలు. జవాబు తెలుగులో చెప్పినా తప్పు లేదు.

వార్డులో ఎక్కువగా దొరికిపోయేవి చిన్న విషయాలే. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ వయల్ ఉంటుంది, దాని మీద తెరిచిన తేదీ ఉండదు. తెరిచాక సాధారణంగా 28 రోజులే వాడాలి కాబట్టి, తేదీ లేని వయల్‌ను ఎవరూ నమ్మరు. క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) చెక్‌లిస్టులో అన్నీ టిక్కులే, డ్రాయర్ లాగితే గడువు తీరిన అడ్రినలిన్ ఆంప్యూల్ బయటపడుతుంది. మందు ఇచ్చేముందు పేషెంటును బెడ్ నంబరుతో పిలవడం మరొకటి. పేరు, యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి ఇచ్చే పేషెంటు నంబరు) రెండూ చేతి బ్యాండుతో సరిపోల్చాలి. సూదులు తెల్ల డబ్బాలో, గ్లవ్స్, ఐవీ సెట్లు ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో, గాజు వయల్స్ నీలం డబ్బాలో వేయాలని ఆమెకు తెలుసు. కానీ ఆ సంచులు మోసే ఆయమ్మనూ అడుగుతారు, ఆవిడకు ఎవరూ నేర్పి ఉండరు. ఈ నెలలో రోజూ ఓ పది నిమిషాలు ఆవిడతో కూర్చోమనండి. సూది గుచ్చుకుంటే ఏం చేస్తావని కూడా అడుగుతారు: పిండకుండా సబ్బుతో కడగాలి, వెంటనే చెప్పాలి, అవసరమైతే హెచ్‌ఐవీ సోకకుండా మందులు వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆమె గట్టిగా నిలబడాలి. పాత తేదీలతో రికార్డులు నింపమంటే నింపకూడదు. మూడు నెలల ఫ్రిజ్ టెంపరేచర్ షీట్ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, రోజూ సరిగ్గా 4 డిగ్రీలని ఉంటే చూసే కళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆమె సెలవులో ఉన్న రోజున కూడా ఆమె సంతకమే ఉంటే ఇంకేం చెప్పాలి? అది ఎన్‌సీతో పోయే తప్పు కాదు, తప్పుడు రికార్డు. ఖాళీ ఉంటే ఖాళీగానే వదిలేసి ఈ రోజు నుంచి సరిగ్గా రాయమనండి. ఇన్‌ఛార్జి సిస్టర్‌తో ఈ మాట ఇప్పుడే చెప్పడం మంచిది.

ఇక క్వాలిటీ డిప్లొమా. దాని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఇప్పుడందరూ క్వాలిటీ మేనేజర్ అంటున్నారు గానీ, వందల మంది నర్సులున్న ఆసుపత్రిలో కూడా క్వాలిటీ విభాగంలో ఉండేది కొద్దిమందే. వార్డు అనుభవం లేనివాళ్లు ఆడిట్‌కి వెళితే సీనియర్ సిస్టర్లు లెక్కచేయరు. పైగా ఇప్పుడు బెడ్‌సైడ్ వదిలేస్తే రేపు గల్ఫ్‌కో యూకేకో వెళ్లాలనుకున్నప్పుడు ఇటీవలి క్లినికల్ అనుభవం ఎక్కడని అడుగుతారు.

మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. ఉత్తరమంతా మీరేం అనుకుంటున్నారో రాశారు, అమ్మాయికి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. రెండేళ్లు రాత్రి డ్యూటీలు చేసిన పిల్లను ఏడ్చిందని ఉద్యోగం మాన్పిస్తారా? డ్యూటీ తర్వాత గంటలకొద్దీ రాయించడం ఆసుపత్రి తప్పు, దానికి ఆమె చదువునే మార్చేస్తారా?

ఆమెకు ఈ పని నిజంగా నచ్చితే ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు పని అడగమనండి. చేతుల శుభ్రత ఆడిట్, కాథెటర్ ఇన్‌ఫెక్షన్ల లెక్క, ఆ లెక్క చూపించి వార్డులో ఒక పద్ధతి మార్పించడం, ఇవి ఏడాది చేస్తే డిప్లొమా కంటే గట్టి అర్హత. ప్రమాణాల మీద ఎన్‌ఏబీహెచ్ వాళ్లే కొద్దిరోజుల శిక్షణ ఇస్తారు, అది ఆసుపత్రి ఖర్చుతో పంపమని అడగొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎన్‌క్వాస్ (వాటికి ఉండే జాతీయ నాణ్యతా ప్రమాణాలు) కోసం కూడా ఇదే రకం పని ఉంటుంది. ఎంహెచ్‌ఏ పూర్తిగా పరిపాలన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలంటే అదే నయం, అయితే ఇంకో రెండు మూడేళ్ల తర్వాత.

నెలాఖరుకి ఫీజు మాత్రం కట్టకండి. ఇన్‌స్పెక్షన్ అయ్యాక అమ్మాయినే రాయమనండి, తనకు జవాబు ఇస్తాను.