పైపు విరిగింది సరే, కొలతలు ఎవరు ఇచ్చారు?

ప్రశ్న: మేము ఒహాయోలో ఉంటాం. మా అబ్బాయి గార్డెన్ ట్రాక్టర్ పుల్లింగ్ పోటీలకు (చిన్న ట్రాక్టర్‌తో స్లెడ్ అనే బరువు బండిని లాగే పోటీలు) వెళ్తాడు. 16 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ ఇంజిన్‌కి 2023 మార్చిలో ఒక వెల్డింగ్ షాపులో 850 డాలర్లకు ఎగ్జాస్ట్ పైపు చేయించాం. 2025 ఆగస్టులో స్లెడ్ లాగుతుంటే అది ఫ్లాంజ్ (పైపుని ఇంజిన్‌కి బిగించే పళ్లెం) దగ్గర విరిగిపోయింది. అందరి ముందు వాడు ఏడ్చేశాడు, రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. షాపాయన ‘రేసు సామానుకి వారంటీ ఏంటి’ అని ఫోన్ పెట్టేశాడు. కొలతలు మేమే గీసి వాట్సాప్‌లో పంపాం. పైపుకి ఆసరాగా పెట్టే బ్రాకెట్‌కి ఇంకో 40 డాలర్లు అవుతుందంటే వద్దన్నాం. ఆ మెసేజులు తీసేసి, కొలతలు షాపువాళ్లవే అని చెప్పమంటున్నాడు ఒక ఫ్రెండు. కేసు నిలుస్తుందా?

జవాబు: మీ కేసంతా ఆ కొలతలు, బ్రాకెట్ గురించి రాసిన రెండు ముక్కల్లోనే ఉంది.

ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ పనికి సరిపోతుందన్న హామీ చట్టమే ఇస్తుంది. మీరు ఆధారపడలేదు. పైపు పొడవు, వ్యాసాన్ని బట్టి ఏ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర ఇంజిన్ బాగా లాగుతుందో మారుతుంది. ఆ లెక్క మీరే వేసుకున్నారు. కాబట్టి ‘పైపు పోటీకి పనికిరాలేదు’ అనే వాదన వదిలేయండి.

మిగిలింది పనితనం. డ్రాయింగ్ మీదైనా వెల్డింగ్ వాళ్లది. అతుకు లోపలిదాకా దిగక వెల్డ్‌లోనే చీలితే తప్పు షాపుది. వెల్డ్ గట్టిగా ఉండి, పక్కనున్న పైపు లోహం అలిసి చీలితే దానికి కారణం ఇంజిన్ వైబ్రేషన్ అంటారు. సింగిల్ సిలిండర్ ఇంజిన్ వణుకుడు తెలిసిందే. దాని మీద పొడవాటి పైపుని ఆసరా లేకుండా నిలబెడితే భారమంతా ఫ్లాంజ్ దగ్గరే పడుతుంది. అప్పుడు మీరు వద్దన్న బ్రాకెట్టే ఎదుటివాళ్ల డిఫెన్స్.

ఇంతకీ ఆ విరిగిన ముక్కలు ఎక్కడున్నాయి? ఉత్తరంలో ఆ మాటే లేదు! మళ్లీ అతికించకండి, వైర్ బ్రష్ కూడా పెట్టకండి. విరిగిన అంచే మీ సాక్షి. ఫొటోలు తీసి, ఇంకో సర్టిఫైడ్ వెల్డర్‌కి చూపించి రాతపూర్వక రిపోర్టు తీసుకోండి.

మీ ఫ్రెండు సలహా జోలికి పోవద్దు. మీరు తీసేసినా ఆ మెసేజులు షాపాయన ఫోన్లో ఉంటాయి. కేసు వేయబోతూ సాక్ష్యం చెరిపేయడం ఒహాయోలో ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం. 850 డాలర్ల కోసం వీసానో గ్రీన్ కార్డునో పణంగా పెడతారా?

ఇక కేసు వేసే గడువు సంగతి. వస్తువు అమ్మకం కింద చూస్తే నాలుగేళ్లు. అది విరిగిన రోజు నుంచి కాదు, మీ చేతికి ఇచ్చిన రోజు నుంచి. అంటే 2027 మార్చి. పని కింద చూసినా, నోటిమాట ఒప్పందానికి నాలుగేళ్లే. కానీ లోపం బయటపడ్డాక సహేతుకమైన సమయంలో అమ్మినవాడికి తెలియజేయకపోతే క్లెయిమే పోతుంది. ఫోన్లో కేకలేసుకున్నది రేపు ఎలా నిరూపిస్తారు? విరిగిన తేదీ, లోపం, అడిగే మొత్తం రాసి ఈ వారమే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. ‘వారంటీ ఉండదు’ అని పైపు ఇచ్చాక ఫోన్లో అన్న మాట అప్పటి ఒప్పందాన్ని మార్చదు. అయినా బిల్లు వెనక్కి తిప్పి ఒకసారి చదవండి, ‘యాజ్ ఈజ్’ (ఏ హామీ లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా) అని ఉంటే నాకు పంపండి.

వెల్డర్ రిపోర్టు మీవైపు ఉంటేనే స్మాల్ క్లెయిమ్స్‌కి, అంటే చిన్న మొత్తాల కోర్టుకి వెళ్లండి. 6,000 డాలర్ల దాకా అక్కడ వేయొచ్చు, లాయరు అక్కర్లేదు. ఆ వెల్డర్‌ని వాయిదాకి పిలిపించుకుంటే ఇంకా మంచిది. అబ్బాయి ఏడుపుకి రేటు కట్టి క్లెయిములో చేర్చకండి, రాదు. రిపోర్టు వైబ్రేషన్ అంటే కోర్టు ఫీజు మిగుల్చుకుని కొత్త పైపు చేయించుకోండి. ఈసారి కొలతలు షాపువాళ్లనే రాసి సంతకం పెట్టమనండి, బ్రాకెట్‌తో సహా.